9.4 దీర్ఘ వ్యాయామంలో జీవక్రియలు: హార్మోన్ల నియంత్రణ

మన రక్తంలో ఏ క్షణాన చూసినా ఉండే గ్లూకోజ్ సుమారు 5 గ్రాములే. 42.195 కిలోమీటర్ల మారథాన్ పరుగులో కండరాలు దాన్ని ఎడతెగకుండా వాడుకుంటాయి. అయినా అది వెంటనే పడిపోదు. కారణం చూద్దాం.

వ్యాయామం మొదలవగానే సహానుభూత నాడీ వ్యవస్థ ప్రభావంతో క్లోమంలో ఇన్సులిన్ స్రావం తగ్గుతుంది. వ్యాయామం సాగేకొద్దీ గ్లూకగాన్ పెరుగుతుంది. దాంతో కాలేయం తన గ్లైకోజన్‌ను గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఎపినెఫ్రిన్ కండరాల్లోని గ్లైకోజన్‌ను, కొవ్వు కణాల్లోని ట్రైగ్లిజరైడ్లను విచ్ఛిన్నం చేయిస్తుంది. గంటలు గడిచేకొద్దీ కార్టిసాల్, పెరుగుదల హార్మోన్ కొవ్వు వాడకాన్ని పెంచి, గ్లూకోజ్‌ను మెదడుకు మిగులుస్తాయి.

ఇన్సులిన్ తగ్గితే కండరంలోకి గ్లూకోజ్ ఎలా చేరుతుందన్న సందేహం మీకు రావచ్చు. కండర సంకోచమే గ్లుట్-4 వాహకాలను కణత్వచం మీదికి చేరుస్తుంది.

అయితే ఇంజెక్షన్‌గా తీసుకున్న ఇన్సులిన్‌ను శరీరం తగ్గించలేదు. అది కాలేయం నుంచి గ్లూకోజ్ విడుదలను అణచివేస్తుంది. కండరాలేమో తీసుకుంటూనే ఉంటాయి. రక్తంలో గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే ఇన్సులిన్ వాడే మధుమేహ రోగులు వ్యాయామానికి ముందు గ్లూకోజ్ పరీక్షించుకోవాలి, మోతాదుపై వైద్యుని సలహా పొందాలి, వెంట చక్కెర ఉంచుకోవాలి.

స్వయం మూల్యాంకన ప్రశ్న: దీర్ఘ వ్యాయామంలో ఇన్సులిన్ తగ్గడం శరీరానికి ఎలా మేలు చేస్తుంది?