ఆట నేర్పిన బడిపంతులు

1962 సెప్టెంబర్ 4. జకార్తాలోని సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్షమంది జనం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ కోసం భారత జట్టు మైదానంలోకి అడుగుపెట్టగానే గ్యాలరీలన్నీ ఒక్కసారిగా ఈలలతో, కేకలతో దద్దరిల్లాయి. మనవాళ్లు చేసిన తప్పేమీ లేదు. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. అది అన్యాయమని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ గట్టిగా నిలదీశారు. ఆయన మీద కోపాన్ని ఆ జనం పదకొండుమంది కుర్రాళ్ల మీద చూపించారు.

ఎదురుగా ఉన్నది దక్షిణ కొరియా. ఇదే టోర్నీ తొలి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. మన డిఫెన్స్‌కు వెన్నెముకలాంటి జర్నయిల్ సింగ్ తలకు అంతకుముందే దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడే తేరుకున్నాడు. ఇలాంటి పరిస్థితిలో ఏ కోచ్ అయినా గాయపడినవాడిని పక్కన కూర్చోబెడతాడు. ఈ కోచ్ మాత్రం జర్నయిల్‌ను వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద అలాగే పంపితే గోల్ కొట్టాడు. ఫైనల్లోనూ కొట్టాడు. పీకే బెనర్జీది మరో గోల్. 2-1తో భారత్‌కు స్వర్ణం.

ఆ కోచ్ హైదరాబాద్‌లో పిల్లలకు పాఠాలు చెప్పిన బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పటికే ఆయన ఒంట్లో జబ్బు ముదురుతోంది. పది నెలలు తిరక్కుండానే, 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో స్వర్ణం మొహం చూడలేదు.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ కాలేజీ జట్టుకు ఆడారు, తర్వాత క్లబ్ ఫుట్‌బాల్ ఆడారు. ఆటగాడిగా పేరు తెచ్చుకున్నా, దేశమంతా చెప్పుకునేంత పేరు మాత్రం కాదు. డిగ్రీ చేతికొచ్చాక టీచరయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. మధ్యలో ఏడాది పాటు వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. మన ఊళ్లలో పిల్లలు పీఈటీ సార్ అని పిలిచే ఉద్యోగమే అది.

ఆయన గురించి రాసేవాళ్లు ఎక్కువగా పతకాల దగ్గరే ఆగిపోతారు. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆయన పెట్టిన చిత్రమైన పోటీలు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్న రోజుల్లో ఆయన కుర్రాళ్లకు ప్రత్యేకంగా టోర్నమెంట్లు నడిపించారు. ఒక టోర్నమెంట్‌లో బలహీనమైన కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు మ్యాచ్ మొత్తం ఎడమకాలితోనే ఆడాలి. మరొక దాంట్లో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతి కాలికి తగలగానే తోటివాడికి పాస్ ఇచ్చేయాలి.

ఇందులో ఎంత ఆలోచన ఉందో ఒకసారి చూడండి. కుడికాలి వాటమున్న ఆటగాడికి ఎడమవైపు నుంచి బంతి వచ్చిందనుకుందాం. దాన్ని ఆపాలి, ఒళ్లు తిప్పుకోవాలి, కుడికాలి కిందికి తెచ్చుకోవాలి, అప్పుడు తన్నాలి. ఈలోగా ప్రత్యర్థి మీద పడిపోతాడు. రెండు కాళ్లూ పనిచేసేవాడికి ఆ తిప్పలు లేవు, వచ్చిన బంతిని వచ్చినట్టే సాగనంపుతాడు. ఇక డ్రిబ్లింగ్ మానేయమనడంలోని కిటుకు ఇంకొకటి. మనిషి ఎంత వేగంగా పరిగెత్తినా బంతి అంతకంటే వేగంగా పోతుంది. దాన్ని కాలికి కట్టేసుకుని తిరిగేవాడు తన జట్టు వేగాన్నే తగ్గిస్తాడు. పాస్ ఇవ్వక తప్పనప్పుడు, తోటివాడు ఎక్కడున్నాడో బంతి రాకముందే తలెత్తి చూసుకోవడం అలవాటవుతుంది. చేతికందిన పిల్లల లోపాలు ఒక్కొక్కటీ పట్టి సరిదిద్దడం టీచరు చేసే పని. రహీం ఆ పనినే మైదానంలోకి తెచ్చారు. ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఫలితం కళ్లముందు కనబడింది. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే రోజుల్లో దక్కను పోలీసు జట్టు అలా గెలుస్తుంటే దేశం ఇటు తిరిగి చూడక తప్పలేదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన కోచ్‌గా భారత్ ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది.

దెబ్బలూ తిన్నారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓటమి. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఉత్తకాళ్లతో ఆడిన మ్యాచ్ అది. ఆ అవమానం తర్వాతే దేశంలో బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియా మీద 4-2తో గెలిచాం. అందులో నెవిల్ డిసౌజాది హ్యాట్రిక్. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. తొలి రౌండ్‌లో హంగరీ తప్పుకోవడం కలిసొచ్చిన మాట నిజమే. అయినా ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీద ఓడించింది మన కాళ్లే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది, 4-1తో ఓడాం. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో కూడా ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చాం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం అందరూ హైదరాబాదీలే. 1960 రోమ్‌లో గ్రూప్ దాటలేకపోయినా ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించాం. హంగరీ, పెరూ మీద మన గోల్స్ కొట్టింది బలరామే.

తులసీదాస్ బలరాంది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ. పేదింటి కుర్రాడు. లీగ్‌లో అతని ఆట చూసి రహీం సెలక్షన్‌కు రమ్మన్నారు. అంతదూరం రోజూ రావడానికి తన దగ్గర డబ్బుల్లేవన్నాడు. అద్దె సైకిల్ తీసుకుని రమ్మని రహీమే డబ్బులిచ్చారు. ఈ సంగతి బలరామే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూసేదాకా రహీం సాబ్ మీద ఆయనకున్న గౌరవం చెక్కుచెదరలేదు. సైకిల్ అద్దె దగ్గరే ఆగిపోయే ప్రతిభ మన జిల్లాల్లో ఇప్పటికీ ఎంతుందో ఊహించుకోండి.

రహీం పోయాక కూడా ఆ పునాది కొంతకాలం నిలిచింది. 1950లలో రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ వారసత్వంతో 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు మళ్లీ గెలిచింది. తర్వాత అంతా జారుడే. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) టైటిల్ గెలిచినప్పుడు ఊరు సంబరపడింది. కానీ ఆ జట్టులో మన గల్లీల్లో పెరిగిన కుర్రాళ్లను వెతుక్కోవాల్సి వచ్చింది. ఇక గౌరవాల సంగతి. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో, రహీం పోయిన 22 ఏళ్లకు. తండ్రి రహీం దగ్గరే నేర్చుకుని రోమ్ ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించి, ఫిఫా రిఫరీగా ఎదిగిన సయ్యద్ షాహిద్ హకీంకు 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. తండ్రి కథ కొత్త తరానికి తెలియడానికి 2024లో అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమా రావాల్సి వచ్చింది.

వాల్మీకిపురం లాంటి చిన్న ఊళ్లో కూర్చుని హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి ఇంత చదవడం ఎందుకు అనిపించవచ్చు. రహీం తయారైంది ఏ పెద్ద అకాడమీలోనూ కాదు. ఆయన దగ్గరున్నది ఒక బడి మైదానం, ఒక డిప్లొమా, పిల్లల లోపాన్ని కనిపెట్టే కన్ను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం బడుల్లో ఇవి ఉండకూడదని ఎవరూ రాసిపెట్టలేదు. ఫుట్‌బాల్ అయినా, బాస్కెట్‌బాల్ అయినా, కబడ్డీ అయినా మొదటి కోచ్ బడిలోనే దొరకాలి. పదో తరగతి రాగానే ఆటల పీరియడ్‌ను లెక్కల సార్‌కు అప్పగించే బడులు, మైదానమే లేని ఇంటర్ కాలేజీలు రహీం లాంటివాళ్లను పుట్టనివ్వవు. ఉన్నవాళ్లను నిలవనివ్వవు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కుల కాగితం చూశాక ఇంకొక్క మాట అడగండి. బడిలో పీఈటీ సార్ ఉన్నారా, ఆటల పీరియడ్‌లో పిల్లలు నిజంగా మైదానంలోనే ఉంటున్నారా అని. జవాబు సరిగ్గా రాకపోతే, వచ్చేదాకా అడగండి.