దుంప పంటల్లో భార లోహాలు: బాన్సువాడ ఆయకట్టులో పరీక్షించవలసినవి

పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థ జలాలను నక్కవాగు దశాబ్దాలపాటు మోసి మంజీర నదిలో కలిపింది. ఆ పరిసర నేలల్లో ఆర్సెనిక్, క్రోమియం వంటి లోహాలు పేరుకొన్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లోనే ప్రచురించారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. అదే మంజీర దిగువన నిజాంసాగర్‌ను నింపి, కాలువల ద్వారా బాన్సువాడ పొలాలను తడుపుతుంది. దూరం, జలాశయం రెండూ కాలుష్య తీవ్రతను తగ్గిస్తాయి. కనుక పటాన్‌చెరు ఫలితాలను బాన్సువాడకు యథాతథంగా అన్వయించరాదు. అయితే జలాశయంలో లోహాలు నశించవు. సన్నని ఒండ్రుకు అంటుకొని అడుగున చేరతాయి. పొలానికి తోలే పూడిక మట్టిని పోషకాలకే గాక లోహాలకు కూడా పరీక్షించవలసింది అందుకే.

ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ సాగుచేసే రైతుకు ఈ పరీక్ష మరింత అవసరం. ఈ పంటల్లో తినే భాగమే నేలలో ఊరుతుంది. సీసం మట్టి కణాలను గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది. కడిగి చెక్కు తీస్తే కొంతవరకు తగ్గుతుంది. కాడ్మియం అలా కాదు. జింకు, ఇనుము, కాల్షియం ప్రవేశించే మార్గాల గుండానే వేరులోనికి చేరి కండలోను, ఆకులోను నిలుస్తుంది. లోహ సాంద్రత పెరిగిన కొద్దీ వేరు కొనలో కణ విభజన మందగించి వేరు పొట్టిగా మారుతుంది, దుంప ఊరదు. ఈ లక్షణాలు కనిపించేసరికే ఆలస్యమవుతుంది. కోడెక్స్ ప్రమాణాల ప్రకారం దుంప కూరగాయల్లో కాడ్మియం, సీసం ఒక్కొక్కటి కిలోకు 0.1 మి.గ్రా. మించరాదు. దిగుబడి ఏమాత్రం తగ్గకుండానే, దుంప నిగనిగలాడుతుండగానే, కాడ్మియం ఆ పరిమితిని దాటగలదు.

మరొక చిక్కు పంట మార్పిడిలో ఉంది. నీరు నిలిచిన వరి మడిలో కాడ్మియం సల్ఫైడుగా మారి కరగకుండా ఉంటుంది. మడి ఆరగానే ఆక్సీకరణ చెంది తిరిగి విడుదలవుతుంది. వరి తరువాత వేసిన క్యారెట్ వేరు తాకేది ఆ ఆరిన నేలనే. పైగా దుంపలకు అనువైన తేలికపాటి చల్క నేలల్లో బంకమన్ను, సున్నం తక్కువ; నల్లరేగడిలా అవి లోహాన్ని పట్టి ఉంచలేవు.

అందువల్ల నమూనాలను వరి కోత తరువాత, మడి ఆరాక సేకరించాలి. మొత్తం లోహంతోపాటు డిటిపిఏ ద్రావణంలో కరిగే కాడ్మియాన్ని, ఉదజని సూచికను కొలవాలి. ఆమ్ల నేలల్లో సున్నం, బాగా చివికిన పశువుల ఎరువు కాడ్మియం లభ్యతను తగ్గిస్తాయి. ఆర్సెనిక్ ఉన్న చోట మాత్రం సున్నం, భాస్వరం దానిని మరింత కదిలించే ప్రమాదం ఉంది. ఏ లోహమో తేలకముందే సున్నం సిఫారసు చేయడం తొందరపాటు. దుంప నమూనాల్లో తొక్కను, కండను వేర్వేరుగా విశ్లేషించాలి. ముల్లంగి ఆకును కూర వండుకొనే చోట ఆకును కూడా.