అప్పు లేకుండా పెళ్లి: ముందు లెక్క, తర్వాతే దావత్

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టినవాళ్లకు కనీసం ఇల్లు మిగులుతుంది. పెళ్లి చేసినవాళ్లకు చాలాచోట్ల అప్పు మిగులుతోంది. ఆటో నడిపే తండ్రి, మిషను కుట్టే తల్లి ఏళ్ల తరబడి కూడబెట్టింది రెండు రాత్రుల్లో అయిపోతుంది. ఆ తర్వాత వడ్డీ కట్టడం మొదలవుతుంది. చిన్న కూతురి కాలేజీ ఫీజు, ఇంట్లో పెద్దావిడ షుగరు మందులు, కొడుకు దుకాణం అడ్వాన్సు అన్నీ ఆ వడ్డీ వెనకే క్యూ కడతాయి.

ఇంతా చేస్తే ఆ ఖర్చులో సగం ఎవరూ గట్టిగా అడిగింది కాదు. "లోగ్ క్యా కహేంగే" అన్న భయంతో పెట్టింది. చేతిలో ఉన్న డబ్బుతోనే, పరువుగా, అప్పు లేకుండా పెళ్లి చేయడం సాధ్యమే. కాకపోతే లెక్క ముందు వేసుకోవాలి, దావత్ తర్వాత అనుకోవాలి.

ఏది తప్పనిసరి, ఏది ఆనవాయితీ

నికాహ్‌కు కావలసినవి చాలా తక్కువ. అబ్బాయి, అమ్మాయి ఇష్టపూర్వకంగా ఒప్పుకోవడం (ఇజాబ్, ఖుబూల్), అమ్మాయి తరఫున వలీ, ఇద్దరు గవాహ్‌లు, మహర్. ఆ తర్వాత వలీమా సున్నత్. అది అబ్బాయి వైపువాళ్లు తమ తాహతును బట్టి పెట్టేది. హజ్రత్ సఫియ్యా (రజి)తో ప్రవక్త (స) వివాహమైనప్పుడు వలీమాలో వడ్డించింది ఖర్జూరం, నెయ్యి, పనీర్‌తో చేసిన వంటకమని హదీసు గ్రంథాలు చెబుతాయి. హజ్రత్ అలీ (రజి) తన కవచాన్ని మహర్‌గా పెట్టి హజ్రత్ ఫాతిమా (రజి)ను నికాహ్ చేసుకున్నారు.

మిగతావన్నీ, అంటే మంగ్నీ, మాంఝా, సాంచక్, మెహందీ, బరాత్, చౌతీ, ఐదు జుమ్మాల దావత్‌లు ఆనవాయితీలు. అమ్మాయి వైపువాళ్లు పెళ్లిరోజు వందలమందికి పెట్టే భోజనం కూడా ఆనవాయితీయే. వీటిలో ఏదీ చేయకూడదని కాదు. అక్కాచెల్లెళ్లు పసుపు పూసి నాలుగు పాటలు పాడుకుంటే ఇంటికి కళే. కానీ మాంఝాకు ఒక హాలు, మెహందీకి ఇంకో హాలు, ప్రతిదానికీ కొత్త జత బట్టలు అనుకుంటే అక్కడే బడ్జెట్ చేయి దాటిపోతుంది.

ఒక కాగితం తీసుకుని మూడు వరుసలు రాయండి. మొదటిది "లేకపోతే పెళ్లి కాదు", రెండోది "ఉంటే బాగుంటుంది", మూడోది "నలుగురి కోసం". డబ్బు మొదటి వరుస నుంచి కిందికి దిగాలి. అది అయిపోయినచోట ఆగిపోవాలి.

మూడు లక్షల లెక్క

ఒక కుటుంబం దగ్గర మూడు లక్షలు ఉన్నాయనుకోండి. చిన్న పట్నంలో అమ్మాయి పెళ్లి. 200 మంది మెహమాన్లు. లెక్క ఇలా వేసుకోవచ్చు:

- భోజనం (ఒక్కొక్కరికి 300 చొప్పున): 60,000
- బంగారం, వెండి: 1,00,000
- పెళ్లికూతురి బట్టలు, ఇంటివాళ్ల బట్టలు: 40,000
- హాలు లేదా టెంటు, కుర్చీలు, లైట్లు: 25,000
- కొత్త కాపురానికి అవసరమైన సామాను: 30,000
- ఖాజీ ఫీజు, ఫోటోలు, పూలు, రుఖాలు: 15,000
- చెప్పకుండా వచ్చే ఖర్చులకు పక్కన: 30,000

ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే. ఊరిని బట్టి, సీజన్‌ను బట్టి మారతాయి. కానీ చివరి వరుస మాత్రం మారకూడదు. మొత్తంలో పదో వంతు ముట్టుకోకుండా పెట్టుకోవాలి. పెళ్లి రెండు రోజులుందనగా గ్యాస్ సిలిండర్లు, బస్సు కిరాయి, ఊరినుంచి వచ్చిన చుట్టాల పడకలు అంటూ ఖర్చులు పుట్టుకొస్తాయి. అప్పుడు చేయి చాచాల్సిన పని ఉండదు.

ఇదే పెళ్లికి "తక్కువైతే బాగోదు" అని 400 మందిని పిలిచి, ప్లేటు 500 పెట్టారనుకోండి. భోజనమే 2,00,000 అవుతుంది. అంటే 1,40,000 అప్పు తేవాలి. నూటికి మూడు రూపాయల వడ్డీ అయితే నెలకు 4,200. రెండేళ్లలో కట్టే వడ్డీయే 1,00,800. అసలు 1,40,000 అలాగే నిలబడి ఉంటుంది. తిన్నవాళ్లు బిర్యానీ రుచి వారంలో మర్చిపోతారు. వడ్డీ పాపం సంగతి అటుంచినా, ప్రతి నెలా ఒకటో తారీఖున గుమ్మంలో నిలబడే మనిషిని ఆ ఇల్లు మర్చిపోలేదు.

తేదీలోనే సగం ఆదా

నికాహ్‌కు ముహూర్తం పట్టింపు లేదు. ఇది పెద్ద వెసులుబాటు, కానీ చాలా కుటుంబాలు వాడుకోవు. షాబాన్‌లో రంజాన్ రాకముందే, షవ్వాల్‌లో పండగ కాగానే అందరూ ఒకేసారి హాళ్ల మీద పడతారు. రేట్లు పెరిగిపోతాయి. దానికితోడు హిందూ కుటుంబాల పెళ్లి ముహూర్తాలూ ఉంటే ఫంక్షన్ హాలు, డెకరేషన్, ఫోటోగ్రాఫర్ ఎవరూ దొరకరు.

అదే ఆషాఢంలోనో, మూఢం ఉన్న రోజుల్లోనో ఆ హాళ్లు ఖాళీగా ఉంటాయి. బేరమాడితే తగ్గిస్తారు. తెలుగు క్యాలెండరు, ఇస్లామీ క్యాలెండరు రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఆదివారం కాకుండా మామూలు రోజు చూసుకుంటే ఇంకా కలిసొస్తుంది.

వేళ కూడా ముఖ్యమే. జొహర్ తర్వాతో, అసర్ తర్వాతో మస్జిద్‌లో నికాహ్ పెట్టుకుంటే స్టేజీ, లైట్లు, జనరేటరు ఖర్చు తప్పుతుంది. అర్ధరాత్రి దాకా పెళ్లికొడుకు కోసం ఎదురుచూస్తూ పిల్లలు కుర్చీల్లో నిద్రపోయే అవస్థా తప్పుతుంది. నికాహ్ మస్జిద్‌లో, ఖర్జూరాలు, షర్బత్ అక్కడే. భోజనం దగ్గరివాళ్లకు ఇంటి దగ్గర.

దావత్: ఎన్ని రకాలన్నది కాదు, ఎంత వృథా అన్నది చూడాలి

లుఖ్మీ, చికెన్ సిక్స్‌టీఫైవ్, మరగ్, తలావా గోష్త్, బిర్యానీ, రెండు రకాల మీఠా, ఐస్‌క్రీమ్. ఇన్ని పెడితే ఎవరూ ఏదీ సరిగ్గా తినరు. సగం ప్లేట్లలోనే పోతుంది. ఒక మంచి మాంసం వంటకం, ఒక మీఠా చాలు. బిర్యానీ, దహీ చట్నీ, మిర్చీ కా సాలన్, డబల్ కా మీఠాతో ఏ దావత్ అయినా నిండుగానే ఉంటుంది.

ఇంకా తక్కువలో చేయాలంటే తెలంగాణ ఊళ్లలో బగారా అన్నం, దాల్చా ఉండనే ఉంది. శనగపప్పు, సొరకాయ, కాస్త ఎముక మాంసంతో కాచిన దాల్చా పెద్ద గిన్నెకు పెద్ద గిన్నె వస్తుంది. బగారా అన్నం పక్కన పెట్టి కడుపునిండా పెట్టొచ్చు. రాయలసీమ ఇళ్లలో కుష్కా, కూరతో ఇదే పని జరుగుతుంది.

క్యాటరింగ్‌కు ఇచ్చే బదులు సరుకులు మనం కొనిచ్చి, బావర్చీకి కూలి మాట్లాడుకుంటే ఖర్చు దిగుతుంది. అయితే సరుకుల చీటీ బావర్చీతోనే రాయించుకోవాలి. బియ్యం, మాంసం తూకం వేసేటప్పుడు ఇంటి మనిషి ఒకరు దగ్గరుండాలి. మెహమాన్ల జాబితా ఇంటి పెద్ద ఒక్కరి దగ్గరే ఉండాలి. "మా ఫ్రెండ్సు పదిమందే" అని ముగ్గురు అన్నారంటే ముప్పై ప్లేట్లు పెరిగినట్టే.

జాబితా కుదించేటప్పుడు పేద చుట్టాన్ని కొట్టేసి పెద్దమనిషిని ఉంచడం మాత్రం వద్దు. ఉన్నవాళ్లను పిలిచి లేనివాళ్లను వదిలేసిన వలీమా భోజనాన్ని హదీసు అన్నిటికన్నా చెడ్డ భోజనంగా చెప్పింది.

మహర్ వేరు, జహేజ్ వేరు

మహర్ అమ్మాయి హక్కు. అబ్బాయి ఇచ్చేది. అబ్బాయి తాహతుకు తగ్గట్టు పెట్టి, వీలైనంత వరకు నఖద్‌గానే ఇచ్చేయడం మంచిది. లక్షల్లో రాసి జీవితాంతం ఉధార్ పెట్టడం కంటే, యాభై వేలైనా నికాహ్ రోజే ఆమె చేతిలో పెట్టడం మేలు. అబ్బాయి వైపువాళ్లు పెట్టే నగ మహర్‌లో భాగమా, కానుకా అన్నది నికాహ్‌నామాలో స్పష్టంగా రాయించుకోవాలి. రేపు మాట తేడా రాకుండా ఉంటుంది.

జోడే కీ రఖమ్, బైకు, ఫర్నిచరు అంటూ అడగడం మాత్రం కట్నమే. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడమూ, ఇవ్వడమూ నేరం. కనీసం ఐదేళ్ల జైలు శిక్ష ఉంది. షరీఅత్ ప్రకారం ఇచ్చే మహర్‌ను ఆ చట్టమే కట్నం నిర్వచనం నుంచి మినహాయించింది. అడిగినవాళ్లకు అప్పు చేసి ఇస్తే అడగడం ఆగదు. పెళ్లి తర్వాత మొదటి ఈద్‌కు ఇంకోటి అడుగుతారు.

బంగారం, బట్టలు

కొత్త నగ కొంటే బంగారం ధరకు తోడు తరుగు, మజూరీ, జీఎస్టీ పడతాయి. పని ఎక్కువున్న నగకు తరుగూ ఎక్కువే. అందుకే సాదా గాజులు, చైను తీసుకుంటే అదే డబ్బుకు ఎక్కువ బంగారం వస్తుంది. హాల్‌మార్క్, బిల్లు తప్పనిసరి. అమ్మీ నగను చెరిపించకుండా మెరుగు పెట్టించి ఇస్తే తరుగు నష్టం ఉండదు, ఆ నగకు విలువా పెరుగుతుంది.

ఒక్కరోజు కట్టే ఖడా దుపట్టా, షేర్వానీ అద్దెకు తీసుకోవచ్చు. మిగతా బట్టలు హైదరాబాద్‌లో పత్థర్‌గట్టీ, మదీనా వైపు, విజయవాడలో వస్త్రలత లాంటిచోట నలుగురు చుట్టాలు కలిసి టోకుగా తీసుకుంటే కలిసొస్తుంది. దూరపువాళ్లకు రుఖా వాట్సాప్‌లో పంపి, పెద్దవాళ్లకు మాత్రం ఇంటికెళ్లి చేతికివ్వండి. చెప్పిన తీరే గుర్తుంటుంది, కార్డు మందం కాదు.

ప్రభుత్వ సాయం

తెలంగాణలో షాదీ ముబారక్ 2014 అక్టోబర్ 2న 51,000 రూపాయలతో మొదలైంది. 2017లో 75,116కు, 2018లో 1,00,116కు పెరిగింది. అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి. కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది. ఆధార్, ఆదాయ ధ్రువీకరణ పత్రం, వయసు రుజువు, బ్యాంకు పాస్‌బుక్ ముందే సిద్ధం చేసుకోవాలి. పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబర్ నుంచి అమల్లోకి తెచ్చిన షాదీ తోఫాకు వధూవరులిద్దరూ పదో తరగతి పాసవ్వాలన్న షరతు పెట్టారు. ప్రభుత్వాలతోపాటు పథకాలూ షరతులూ మారతాయి. తేదీ ఖాయం చేసుకోకముందే సచివాలయంలో కనుక్కోవాలి.

ఒక్క జాగ్రత్త. ఈ డబ్బు పెళ్లి అయిపోయిన చాలా రోజులకు రావచ్చు. దాన్ని నమ్ముకుని హాలు బుక్ చేయొద్దు. వచ్చినప్పుడు అమ్మాయి పేరున దాచేయడం మేలు.

సమ్‌ధీలతో మాట ముందే

బడ్జెట్ పెళ్లి చెడేది డబ్బు దగ్గర కాదు, మొహమాటం దగ్గర. మంగ్నీ రోజే, తీపి తిన్న నోటితోనే అడిగేయాలి: "భాయ్ సాబ్, మీ వైపునుంచి ఎంతమంది వస్తారో ఇప్పుడే చెప్తే మేం మర్యాదకు లోటు లేకుండా చూసుకుంటాం." కుదిరితే ఇద్దరూ కలిసి ఒకటే దావత్ పెట్టుకుందామనీ అడగొచ్చు. ఆ మాట అబ్బాయి నోటినుంచి వస్తే ఇంకా తేలిక. తన ఇంట్లో పెద్దలను ఒప్పించగలిగేది ముందుగా అతనే.

పెళ్లయిన మర్నాడు వాకిట్లో టెంటు విప్పుతున్నప్పుడు అమ్మాయి తండ్రి టెంటువాడికి, బావర్చీకి, పాలవాడికి లెక్క తేల్చి పంపేస్తే చాలు. రుఖ్సతీ అప్పుడు వచ్చిన కన్నీళ్లు కూతురు వెళ్లిందనే అయి ఉండాలి. రేపటి వడ్డీ తలుచుకుని కాదు.