రెండు సైలెన్సర్లుంటే బండికి బలమెక్కువా?

కార్ల యాక్సెసరీస్ షాపుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. వెనక ఒకటే గొట్టం ఉన్న కారుకు ఇంకోటి జతచేసి 'డ్యూయల్ ఎగ్జాస్ట్' చేయిస్తే పికప్ పెరుగుతుందా? మైలేజీ వస్తుందా? గొట్టాలు ఎన్ని అన్నది తర్వాతి సంగతి. ఇంజిన్ నిమిషానికి ఎంత గాలి పీల్చి వదులుతుందో ముందు లెక్క కడదాం.

మన రోడ్ల మీద విరివిగా తిరిగే చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటి ఇంజిన్ 1,197 సీసీ, అంటే 1.2 లీటర్లు. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి అంత గాలి పీలుస్తుంది. మీటర్లో ముల్లు 6,000 దగ్గర ఉంటే నిమిషానికి 3,000 సార్లు పీల్చినట్టు. మొత్తం 3,600 లీటర్లు: డాబా మీది వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు మూడున్నర. బయటికి వచ్చేటప్పుడు వేడికి అది ఇంకా ఉబ్బుతుంది, 600 డిగ్రీల దగ్గర సుమారు మూడింతలు.

మరి ఇంత పొగకు ఒక్క గొట్టం చాలుతుందా? గొట్టంలో రాపిడి, సైలెన్సర్ లోపలి అడ్డుగోడలు, విషవాయువుల్ని రసాయన చర్యతో తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కలిసి పొగకు ఎదురు నిలుస్తాయి. ఆ ఎదురొత్తిడినే బ్యాక్ ప్రెషర్ అంటారు. 6,000 చుట్ల దగ్గర అది 20 కిలోపాస్కల్స్, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో ఐదో వంతు అనుకుందాం. పిస్టన్లు సెకనుకు 60 లీటర్ల చొప్పున దానికి ఎదురు నెట్టడానికి ఖర్చయ్యేది 1.2 కిలోవాట్లు, అంటే 1.6 హార్స్‌పవర్. ఆ ఒత్తిడిని పూర్తిగా సున్నా చేసినా 85 హార్స్‌పవర్ ఇంజిన్‌కు నేరుగా మిగిలేది రెండు శాతం లోపే. సిలిండర్లో పాత పొగ ఇంకాస్త శుభ్రంగా ఖాళీ అయినందుకు కొద్దిగా కలుస్తుందేమో. కానీ వెనక కలిపిన రెండో గొట్టం ఒత్తిడిని సున్నా చేయలేదు. ముందున్న కన్వర్టర్ ఎక్కడిదక్కడే ఉంటుంది కదా.

ఊళ్లో నడిపేటప్పుడు సంగతి ఇంకా తేలిక. 2,000 చుట్ల దగ్గర పొగ మూడో వంతుకు తగ్గుతుంది. ఒత్తిడి మాత్రం ఇంచుమించు తొమ్మిదో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే పొగ రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది, సగమైతే నాలుగో వంతవుతుంది. రెండూ కలిపితే నష్టం 44 వాట్లు, అదీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే. ఇంట్లో పాతకాలపు సీలింగ్ ఫ్యాను తినేదే 75 వాట్లు. మైలేజీ కోసం రెండో గొట్టం అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదనుకుంటాను.

అలాగైతే పెద్ద కార్లకు రెండెందుకు? 2016లో మన దేశానికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఇంజిన్ 4,951 సీసీ. 6,500 చుట్ల దగ్గర అది నిమిషానికి 16,000 లీటర్లు పీలుస్తుంది, మన చిన్న కారుకు నాలుగున్నర రెట్లు. అదే సన్నగొట్టంలోంచి పంపితే ఒత్తిడి ఇరవై రెట్లవుతుంది. పైగా అది వీ8. నాలుగేసి సిలిండర్లు రెండు వరసలుగా 'వి' ఆకారంలో ఉంటాయి, ఏ వరస పొగ ఆ వైపే బయటికొస్తుంది. అక్కడ రెండు గొట్టాలు సహజం. నాలుగు సిలిండర్లూ ఒకే వరసలో ఉన్న మన కారులో పొగంతా ముందే ఒక గొట్టంలో కలిసిపోతుంది. వెనక దాన్ని రెండుగా చీల్చడం చూపుకే.

గొట్టం సైజు సంగతి చాలామందికి తట్టదు. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండున్నర అంగుళాల గొట్టం ఒకటి 4.9 చదరపు అంగుళాలు. ఒకటీ ముప్పావు అంగుళాల గొట్టాలు రెండు కలిపినా 4.8 చదరపు అంగుళాలే. పైగా ఒకే వైశాల్యానికి రెండు గొట్టాల గోడల రాపిడి ఎక్కువ.

'బ్యాక్ ప్రెషర్ లేకపోతే పికప్ చచ్చిపోతుంది' అని కొందరు మెకానిక్‌లు చెబుతారు. వాళ్లు చూసింది నిజమే, చెప్పే కారణమే వేరు. గొట్టం మరీ లావైతే పొగ వేగం తగ్గి, ముందు వెళ్లిన పొగ వెనకదాన్ని లాగే గుణం పలచబడుతుంది. ఇంజిన్‌కు కావలసింది ఆ వేగం. ఒత్తిడి దానికి ఎప్పుడూ భారమే.

ఇక ఖర్చులు. రెండు అంగుళాల వ్యాసం, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టం మూడు మీటర్లు వేస్తే దాదాపు ఐదున్నర కిలోలు. సైలెన్సర్ డబ్బా బరువు దానికి అదనం. తుప్పు కూడా ఉంది. లీటరు పెట్రోల్ మండితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. పిల్లల్ని బడిలో దింపి వచ్చేంత దూరానికి గొట్టాలు పూర్తిగా వేడెక్కవు. ఆ ఆవిరి లోపలే నీరై నిలుస్తుంది. గొట్టాలు రెండైతే వేడెక్కాల్సిన లోహమూ ఎక్కువే.

పాత కారు కొనేటప్పుడు వెనక రెండు నోళ్లు కనిపిస్తే వంగి కింద చూడండి. కొన్నిటిలో అవి బంపర్‌కు బిగించిన ప్లాస్టిక్ తొడుగులే. అసలు గొట్టం లోపల కిందికి వంగి ఉంటుంది. ఒకే డబ్బా నుంచి రెండు కొసలు వస్తుంటే అది అలంకారం. కన్వర్టరే తీసేసి ఉంటే మాత్రం బేరం వదిలేయడం మేలు. పొగ పరీక్షలో చిక్కుతుంది, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంటుంది.

శబ్దం కోసమే చేయించుకుంటామంటే అది ఇష్టం, లెక్కల పరిధిలోకి రాదు. చట్టం పరిధిలోకి మాత్రం వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని యజమాని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019 సవరణ తర్వాత, శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటి తప్పుకే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు లేదా రెండూ పడవచ్చు. దానితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత.