బొలారము విడిది భవనము

సికిందరాబాదు కంటోన్మెంటు ఉత్తరపు కొసను, బొలారమునందు, సుమారు 90 ఎకరముల తోటల నడుమ, 1860లో, అనగా అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా ఏలుబడి కాలమున, నిర్మింపబడి, బ్రిటిషు రెసిడెంటునకు ఊరిబయటి విడిదియై, 1950లో భారత ప్రభుత్వమునకు సంక్రమించి, నేడు రాష్ట్రపతి నిలయమని పేరొందిన భవనమును మొదటిసారి చూచువాడు ఒకింత నిరుత్సాహపడిన ఆశ్చర్యము లేదు. అంతస్తులు లేవు, గోపురములు లేవు. ఒకే మట్టమున పరచుకొన్న పదునొకండు గదులు మాత్రమే కలవు. ఇంత పేరుగల యిల్లు ఇంతేనా యని తోచును. నా మట్టుకు నాకు ఆ ఒదుగుదలయే దాని వాస్తువునకు ప్రాణమనిపించును.

ఈ మాట తేటపడుటకు, ఇట్టి విడిది భవనములు కట్టించిన బ్రిటిషువారి స్వదేశము వైపు ఒకసారి చూడవలెను. స్కాట్లండునందలి పాతకాలపు ప్రభువులు శత్రుభయమునకును ఎడతెగని చలికిని ఓర్చుటకై బారెడు మందపు రాతిగోడలతో, ఇరుకు కిటికీలతో, వాననీరు నిలువని ఏటవాలు కప్పులతో బురుజులవంటి యిండ్లు కట్టుకొని, నేలమట్టపు కమాను గదులను వంటకును సరకులకును విడిచి, తాము మెట్లెక్కి పైన కాపురముండిరి. శాంతి కుదిరినకొలది ఆ నిలువు కట్టడము అడ్డముగా విస్తరించినది. ఎడిన్‌బరో చెంత హోప్‌టన్ భవనమును విలియం బ్రూస్ 1699లో ఆరంభింపగా, విలియం ఆడమ్ అను శిల్పియు, అతని కుమారులును దానిని పెంచి పూర్తిచేసిరి. ఆ కుమారులలో ఒకడైన రాబర్ట్ ఆడమ్ ఇంగ్లండునందు తీర్చిదిద్దిన కెడిల్‌స్టన్ భవనమే, 1803 నాటికి ముగిసిన కలకత్తా గవర్నమెంటు హౌసునకు మాదిరియైనది.

సరిగా ఆ కాలముననే హైదరాబాదులో రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ పూనికతో, మద్రాసు ఇంజినీరు సామ్యూల్ రస్సెల్ రూపకల్పనతో కోఠీ రెసిడెన్సీ లేచినది. మిన్నంటు కోరింథియను స్తంభములు, మెట్లకు ఇరుప్రక్కల సింహములు, లోన విశాలమైన దర్బారు మందిరము! అది నేడు మహిళా విశ్వవిద్యాలయమై విద్యార్థినులతో కళకళలాడుచున్నది. కాని ఆ గాంభీర్యమంతయు చూచువారిని లొంగదీయుటకు ఉద్దేశింపబడినది. బొలారము విడిది అట్టిది కాదు. ఇచ్చట యజమాని లొంగదీయవలసినది మనుష్యులను గాక ఎండను.

దక్కను ఎండకు ఎదురొడ్డు విధము మన మేస్త్రీలకు పూర్వమునుండియు తెలిసినదే. గానుగలో ఇసుకతో నూరిన డంగుసున్నమునకు బెల్లపునీరును కరక్కాయ రసమును చేర్చి పేర్చిన మందపు గోడ పగటివేడిమిని తొందరగా లోనికి రానీయదు. ఎత్తైన కప్పు క్రింద వేడిగాలి పైకెగసి, గోడ పైభాగమునందలి గవాక్షముల గుండా వెలికి పోవును. వసారా నీడ గోడను ఎండ తగులకుండ కాచును. అందుచేతనే దొరలు సైతము ఇచ్చటికి వచ్చిన పిమ్మట అంతస్తుల మోజు కట్టిపెట్టి బంగళా పద్ధతికి ఒదిగిరి. ఇక వైభవమంతయు తోటలోనికి నడచినది. మామిడి, సపోటా, ఉసిరి, కొబ్బరి తోపులు ఆ యింటికి కోటగోడలకంటె మిన్నయైన రక్ష. ఇరువదియేడు నక్షత్రములకు చెందిన వృక్షములతో పెంచిన నక్షత్రవాటిక అందు ఇటీవలి చేర్పు.

అయినను, ఆ భవనమున నన్ను మిక్కిలి ఆకర్షించునది నేలపై లేదు. వంటశాల వేరొక కట్టడము. దానినుండి భోజనశాలకు ఒక సొరంగమార్గము కలదు. పొగయు, నిప్పు భయమును, పోపు ఘాటును అతిథుల దరిచేరరాదని వంటయింటిని దూరముంచు పద్ధతి కెడిల్‌స్టన్‌లోను కలదు. అచ్చట ప్రక్కభవనమునుండి వంపు తిరిగిన నడవలో వంటకములు వచ్చెడివి. బొలారమున ఆ నడవ భూమిలోనికి దిగినది. వేడి చల్లారని పళ్లెరములను మూతపెట్టి మోసికొని, పరిచారకులు ఎండకు మాడక, వానకు తడువక, అంతకంటె ముఖ్యముగా ఎవరి కంటను పడక, బల్లయొద్ద ప్రత్యక్షమయ్యెడివారు. వంట కావలెను గాని వండిన మనిషి కనబడరాదన్న నాటి దొరల మనస్సు ఈ సొరంగమున రాతిలో చెక్కినట్లున్నది.

రాజేంద్రప్రసాదుగారి కాలమునుండి రాష్ట్రపతులు విడిదికి వచ్చు ఈ నిలయము, 2023 మార్చి నుండి ఏడాది పొడుగునను ప్రజలకు తెరువబడి, ఆ సొరంగమున సైతము నడచు అవకాశము కలిగించినది. దాని గోడలపై ఇప్పుడు చేర్యాల చిత్రములు వెలసినవి. చేర్యాల నకాషీ చిత్రకారులు తరతరములుగా చింతగింజల అంబలి పట్టించిన గుడ్డపై ఎఱ్ఱని నేపథ్యమున చిత్రించినవి పద్మశాలీలు మొదలైన వృత్తికులముల పురాణములు; కథకులు ఆ పటములను ఊరూర విప్పి చూపి పాడెడివారు. శ్రమించువారి కథలు చెప్పిన ఆ కుంచె, శ్రమించువారిని మరుగుపరచుటకై త్రవ్విన దారిలోనికి వచ్చుట నాకెంతయో ఉచితముగా తోచినది. నిలయపు దర్బారు మందిరమును చూచి తిరిగిపోవు తొందరలో ఉన్నవారిని సైతము మార్గదర్శకులు ముందుగా ఈ సొరంగమునకు కొనివచ్చి, ఒకప్పుడు ఇందు నడచినవారి పనిని గూర్చి వివరముగా చెప్పవలెనని నా కోరిక.