గడియారము కన్న వరుస ముఖ్యము

మూడేండ్ల బిడ్డకు గడియారము తెలియదు. పన్నెండు గంటలకు అన్నం పెడతామంటే వానికి అర్థము కాదు. పాట అయ్యాక చేతులు కడుక్కుంటాము, ఆ తరువాత అన్నం అంటే వెంటనే తెలుస్తుంది. చిన్నబిడ్డల తరగతిలో దినచర్య అంతా ఈ వరుస మీదనే నిలుస్తుంది. తలిదండ్రులు దీనిని గ్రహించాలని మా కోరిక.

అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ద్వారా వచ్చాయి. చాలామంది వాటిని గుడ్డు, పప్పు ఇచ్చే చోటుగానే ఎంచుతారు. అయితే మూడు మొదలు ఆరేండ్ల బిడ్డలకు బడికి ముందరి చదువు చెప్పడము కూడా ఆ పథకములో భాగమే.

మా వాకాడు ప్రాంతములో ఇంటి వేళలు ఏడాది పొడుగునా ఒక తీరుగా ఉండవు. తూర్పు తీరములో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మోటారు బోట్ల వేటకు నిషేధము గదా! ఆ రెండు నెలలు సముద్రపు పల్లెల్లో తండ్రి ఇంటనే ఉంటాడు. జూన్ నెల నడుమ బోట్లు మళ్లీ సముద్రానికి పోతాయి. బడులు తెరిచేదీ ఆ రోజుల్లోనే. తెల్లవారితే నాన్న కనబడడు, అమ్మ చేపల గంపతో వెళ్లిపోతుంది, బిడ్డ ఎరుగని గదిలో కూర్చోవాలి. వాడు గడప పట్టుకొని ఏడిస్తే అది మొండితనము కాదు. అమ్మ ఎప్పుడు వస్తుందో తెలియని భయము. రోజూ ఒకే వరుస నడిస్తే ఆ భయానికి జవాబు దొరుకుతుంది: కథ, ఆట, అన్నం, నిద్ర, లేచాక అమ్మ. నాలుగు దినాలు అలాగే జరిగితే అయిదో దినము ఏడుపు తగ్గుతుంది. కొందరికి నెల పట్టవచ్చు, కంగారు పడవద్దు.

ఇక పద్ధతుల సంగతి. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరములో పేదల బిడ్డల కొరకు బడి తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. కుర్చీని చప్పుడు కాకుండా జరపడము, తలుపు మెల్లగా మూయడము కూడా ఆమె దృష్టిలో పాఠాలే. మాట తక్కువ, చేసి చూపడము ఎక్కువ.

ఇందుకు డబ్బుతో పని లేదు. చెప్పులు సరిగా పెట్టండిరా అని పదిసార్లు అరిచే బదులు గడప దగ్గర సుద్దముక్కతో చెప్పుల ఆకారాలు గీస్తే చాలు, బిడ్డలు వాటిలోనే పెడతారు. చేతులు కడిగేటప్పుడు ముగ్గురు ముగ్గురుగా వెళ్లాలి, ఒకరు చెంబుతో నీళ్లు పోయాలి. ఆట ముగించే ముందు రోజూ ఒకే పాట ఎత్తుకుంటే పిలవకుండానే బొమ్మలు బుట్టలోకి చేరుతాయి. మొదటి వారములో ఇలాంటివి రెండు నేర్పితే చాలు. ఆదివారపు బడిలో చిన్నవారి తరగతి నడిపే అక్కలకూ ఇదే చెబుతుంటాము, ఒకే దినమున పది నియమాలు పెడితే పదీ పోతాయి.

అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వాయుగుండాలు, వానలు, వరుస సెలవులు. తెరిచాక బిడ్డలు అంతా మరచినట్టే ఉంటారు. ఓపికగా చెప్పుల వరుస నుండి మళ్లీ మొదలుపెట్టే టీచరమ్మే గట్టి టీచరమ్మ.

అక్షరాలు నేర్పకుండా ఈ ఆటలేమిటని అడిగే తాతలున్నారు. తన వంతు వచ్చేదాకా ఆగడము, చెప్పినది వినడము రాని బిడ్డ చేతికి పలక ఇస్తే ఏమి నిలుస్తుంది?

తలిదండ్రులు చేయవలసినదీ ఉన్నది. కథ సగములో వచ్చిన బిడ్డకు ఆ పూటంతా తల తోక తెలియదు గనుక వేళకు తీసుకురండి. నిద్ర లేచాక వస్తానన్న అమ్మ తప్పక రావాలి. రొయ్యల గుంటల దగ్గరో నాట్లలోనో ఆలస్యమయ్యే దినమున అవ్వ వస్తుందో అక్క వస్తుందో ఉదయమే బిడ్డకూ టీచరమ్మకూ చెప్పి వెళ్లండి.