బండి దిగింది, అమ్మ ఎక్కింది

మా నాన్నగారు వదిలిపోయిన ఆస్తిలో ఒక పాత పికప్పు బండి కూడా ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే రకం, వయస్సు ఇరవై దాటింది. ఆయన కొన్ననాటికే అది తోటి బండ్లకంటే బాగా ఎత్తుగా ఉండేది. వానాకాలం పొలానికి పోవడానికి ఎత్తే మేలని ఆయన మురిసిపోయేవారు.

చిక్కల్లా మా అమ్మతో వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, పైగా మోకాళ్ళ నొప్పి. బండి ఎక్కాలంటే పీట వేయాలి. మేము ఎక్కడికి పోయినా ఆ పీట తొట్టిలో ఎగురుతూ మా వెంట వచ్చేది. ఒకనాడు శంషాబాదులో పీట ఒరిగి అమ్మ పడబోయింది. ఆ తరువాత, "నాకు ఆటో చాలు బిడ్డా," అని బండి వంక చూడడం మానేసింది. నాన్నగారి బండి, అమ్మ ఎక్కని బండి! నాకు మనసొప్పలేదు.

మా బావమరిది సలహాలకు పెట్టింది పేరు. "ఇరుసుకూ కమాను పట్టీలకూ నడుమ ఇనుప దిమ్మ పెట్టించండి బావా, దిగుతుంది," అన్నాడు. సరేనని తొండుపల్లిలో బెంగుళూరు రోడ్డు పక్కనున్న మేస్త్రీ దగ్గరికి పోయాను. 2008లో విమానాశ్రయం వచ్చాక అటు రూపురేఖలే మారాయి గాని, ఇటువంటి షెడ్లు ఇంకా ఉన్నాయి.

దిమ్మ మాట వినగానే మేస్త్రీ నవ్వాడు. "మీ బండికి పట్టీలు ఇరుసు మీద కూసున్నయి సార్. దిమ్మ పెడితే దిగది, లేస్తది!"

నిజమే గదా! పాత విల్లీస్ జీపులకు పట్టీలు ఇరుసు కింద ఉంటాయి. అక్కడ నడుమ దిమ్మ పెడితే బండి దిగుతుంది. మాది అందుకు తలకిందులు. తీరా కిందికి దూరి చూస్తే, మునుపటి యజమాని వెనుక రెండంగుళాల దిమ్మలు పెట్టించి, నాలుగు వైపులా ఒక్కో పట్టీ అదనంగా వేయించాడు. దించడమంటే ఆయన చేర్చినవి తీసివేయడమే!

"ఇంకో పట్టీ కూడా తీస్తే మరింత దిగదా?" అన్నాను, ఆశ కొద్దీ.

"బరువు ఎవరు మోస్తరు సార్?"

అప్పుడతడు చెప్పిన సంగతి నాకు కొత్త. బండిని ఎంత దించినా ఇరుసుకూ నేలకూ ఉన్న ఎడం తగ్గదట. అది టైరు సైజును బట్టి ఉంటుంది. తగ్గేది ఇరుసుకూ చట్రానికీ నడుమ జాగా. అది మరీ తగ్గితే గుంత వచ్చినప్పుడల్లా ఇరుసు పైకి వచ్చి రబ్బరు దిమ్మకు కొట్టుకుంటుంది. ముందు చక్రాలకూ శక్తి అందే బండిలో ఇంజను కిందనే ఇరుసు, దాని డిఫరెన్షియల్ డబ్బా ఉంటాయి గనుక అక్కడ మరింత జాగ్రత్త కావాలి.

చట్టం సంగతీ ఉంది. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా, రిజిస్ట్రేషన్ వివరాలు తప్పేలా మార్పులు చేయరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మా పని అసలు రూపానికి తేవడమే గనుక ఆ బెంగ లేకపోయింది.

రెండు రోజులు పట్టింది. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా కొలిచాడు. నేలనుంచి కొలిస్తే టైర్లలో గాలి తేడా కూడా లెక్కలో కలుస్తుందట. డ్రైవరు వైపు పట్టీలు కుంగి ఉంటే కొలిమిలో కాల్చి వంపు తిరిగి తెప్పించాడు. యు బోల్టులు మాత్రం పాతవి వద్దని కొత్తవి తెప్పించాడు. బుష్‌ల బోల్టులు బండి నేల మీద నిలిచాకే ఆఖరు బిగింపు బిగించాడు. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుందట. హెడ్‌లైట్లు కూడా సరిచూశాడు. కొలిచి చూస్తే వెనుక మూడంగుళాలు, ముందు ఒకటిన్నర దిగింది.

ఇంటి ముందు బండి ఆపాను. అలవాటు కొద్దీ పీట దించబోతుంటే అమ్మ తలుపు కమ్మీ పట్టుకుని, ఒక క్షణం ఆగి, కాలు పెట్టి ఎక్కి కూర్చుంది. నాన్నగారి పక్కన ఎప్పుడూ కూర్చునే సీటే అది.

"పీట లోపల పెట్టనా అమ్మా?"

"వద్దు. బాయి కాడికి పోనియ్యి. ఆడ కూసోనీకి అయితది."